రెండో తాళం చెవి

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట నేనంటే మా ఇంట్లో ఎవరూ కాదనరు కనుక ముందే ఒప్పేసుకుంటున్నాను. చీరల మీదా నగల మీదా కాదు. పక్కావిడ కొత్త పట్టుచీర కట్టుకుంటే మనస్ఫూర్తిగా మెచ్చుకోగలను. నేను చేతకాక వదిలేసిన పనిని ఇంకొకరు సునాయాసంగా చేసేస్తే మాత్రం ఆ రోజు నాకు అన్నం సయించదు. అలా అన్నం సయించని రోజులు నా జీవితంలో ఎక్కువగా ఒక్క ఏడాదిలోనే వచ్చాయి. దానికి కారణం ఒక లేడీస్ సైకిలు. దాన్ని నేనే ఇచ్చాను, ఎవరూ అడక్కుండానే.

ఆ సైకిలు నేను ఇంటర్లో చేరినప్పుడు నాన్న కొన్నది. తెనాలిలో డిగ్రీ అయ్యేదాకా దాని మీదే కాలేజీకి వెళ్ళాను. పెళ్ళయ్యాక సామాను లారీలో బీరువా, మంచం, కుట్టుమిషనుతోపాటు అదీ హైదరాబాదు వచ్చింది. మా ఆయనకి బేగంపేటలో కంప్యూటర్ ఉద్యోగం. ఎస్.ఆర్. నగర్‌లో ఒక మేడ మీద పైవాటా అద్దెకి తీసుకున్నాం. అప్పట్లో అమీర్‌పేటలో గోడలు కనిపించేవి కావు, అన్నీ బోర్డులే. జావా, ఒరాకిల్, ఇంకా నోరు తిరగనివి. రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే చేతిలో నాలుగు పాంప్లెట్లు కుక్కేవారు. నేను బీఎస్సీ మాథ్స్. ఇంట్లో ఖాళీగా ఎందుకని మా ఆయన నన్నూ ఒక కోర్సులో చేర్చారు. ఒక్కో క్లాసులో సినిమా హాలంత జనం. మూడు నెలలు వెళ్ళాను. ఉద్యోగాలు వచ్చినవాళ్ళకి వచ్చాయి, నాకు సర్టిఫికెట్ వచ్చింది.

సైకిలు సంగతి అంతకన్నా చిన్నది. కోర్సులో చేరిన కొత్తలో ఒకరోజు దాని మీదే వెళ్దామని బయల్దేరాను. అమీర్‌పేట చౌరస్తా ఇంకా రానేలేదు, వెనక నుంచి ఆర్టీసీ బస్సు హారన్ కొట్టింది. గుండె జారిపోయింది. దిగి, సైకిల్ని నడిపించుకుంటూ ఇంటికొచ్చి, మెట్ల కింద పెట్టి తాళం వేశాను. మళ్ళీ తీయలేదు. ఎవరైనా అడిగితే, "ఈ ట్రాఫిక్‌లో ఆడవాళ్ళెవరు తొక్కుతారండీ" అనేదాన్ని. అలా అనేస్తే ఆ భయం నా ఒక్కదానిదే కాదన్నట్టు ఉండేది.

కింది వాటాలో ఒక కుటుంబం ఉండేది. భార్య నా ఈడుదే, ఒకటి రెండేళ్ళు చిన్నదేమో. సిద్దిపేట వైపు వాళ్ళు. భర్త ఏదో ఆఫీసు కారు నడిపేవాడు, పొద్దున పోతే మళ్ళీ రాత్రి అన్నం వేళకే రావడం. యూకేజీ చదివే కూతురు, మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దాటని అత్తగారు. ఆమె ఇంటర్ దాకా చదివింది, టైపు హయ్యర్ పాసయింది. నన్ను అక్కా అని పిలిచేది. రోజూ పదకొండు గంటలకి మా ఇంటి పేపరు చదువుకోవడానికి పైకి వచ్చేది. ఆ పేపర్లో ఒక ప్రకటన నేనే చూపించాను. పంజగుట్టలో డేటా ఎంట్రీ ఆఫీసు, టైపు వస్తే చాలు, పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. నేను డిగ్రీ చదివినదాన్ని కదా, డేటా ఎంట్రీకి వెళ్తానా? అందుకే ఉదారంగా ఆమెకి చూపించాను.

ఉద్యోగం వచ్చింది. చిక్కల్లా పాప దగ్గర వచ్చింది. బడి బల్కంపేటలో. పొద్దున మా వీధి టీచరమ్మ పాపని వెంట తీసుకెళ్ళేది. కానీ చిన్న క్లాసు రెండున్నరకి వదిలేస్తారు, టీచరమ్మేమో సాయంత్రం దాకా అక్కడే. రెండింటికి పంజగుట్టలో బస్సెక్కినా అది అమీర్‌పేటలో ఇరుక్కుంటే ఎప్పుడు కదులుతుందో దేవుడికే తెలియాలి. నడిస్తే అందదు. రోజూ ఆటో అంటే కుదరని పని. అత్తగారు పెట్టిన షరతు ఒక్కటే, పాప బడి గేటు దగ్గర ఒంటరిగా నిలబడకూడదు.

"ఈ ఒక్క అర్ధగంట కాడ ఆగిపోయింది అక్కా," అంది ఆమె మెట్ల మీద కూర్చుని.

నేను మెట్ల కిందకి చూశాను. సైకిలు అక్కడే ఉంది, బూజు పట్టి.

"ఇది తీసుకో," అన్నాను.

"నాకు తొక్కనీకె రాదక్కా."

"నేను నేర్పిస్తాను."

ఆ క్షణంలో నా అంత మంచిది భూమ్మీద లేదనిపించింది. రాత్రి ఈ మాట మా ఆయనకి ఎలా చెప్పాలో కూడా అక్కడే అనుకున్నాను.

మా ఆయనకి శనివారం సెలవు. ఆ రోజు పొద్దున్నే ఆయన చేత సైకిలు కడిగించి, గాలి కొట్టించి, కింది వాటా గుమ్మం ముందు నిలబెట్టి పిలిచాను. అత్తగారు గడపలోంచే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల శనివారం బిడ్డా. ఇనుము ఇంట్లకు రానియ్య."

నాలుక కరుచుకున్నాను. మా ఇంట్లోనూ అంతే. శనివారం మా అమ్మ మేకు కూడా కొననిచ్చేది కాదు. హైదరాబాదు వచ్చి శనివారం సెలవు రోజయ్యాక ఆ పట్టింపు సంగతే మరిచిపోయాను. ఇంత కడిగి తెచ్చాక వెనక్కి తీసుకెళ్ళడమా? నాకు తోచింది అనేశాను.

"ఇచ్చేయడం లేదండీ పెద్దమ్మగారూ. ఊరికే తొక్కుకోమంటున్నాను. సైకిలు నాదే. మెట్ల కిందే ఉంటుంది."

పెద్దమ్మగారు అన్న మా కోస్తా మర్యాదకి ఆవిడ ఎప్పటిలాగే నవ్వింది. "గట్లయితె మంచిదే. ఇచ్చుడు లేదు, తీస్కునుడు లేదు. నీది నీకే ఉన్నది, మా పిల్ల తొక్కుతది."

తాళం చెవులు రెండు ఉండేవి. ఒకటి మెట్టు మీద పెట్టాను, చేతికివ్వకూడదు కదా. కోడలు తీసుకుంది. రెండోది మా వంటింట్లో క్యాలెండరు మేకుకి తగిలించాను. మర్నాడు ఆదివారం వెళ్ళి సరిగ్గా ఇచ్చేసి ఉండాల్సింది. వెళ్ళలేదు. మర్చిపోయాననుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆలోచిస్తే, మర్చిపోలేదు.

నేర్పడం మొదలుపెట్టాం. పార్కు పక్కన ఖాళీ జాగాలో, పొద్దున ఆరింటికి. నాకు సైకిలు రావడానికి పది రోజులు పట్టింది, రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. ఆమెకి కనీసం వారం పడుతుందని, వారం రోజులూ పక్కన పరిగెడుతూ "భయపడకు, ముందుకి చూడు" అని చెప్పొచ్చని ఊహించుకున్నాను. మూడో రోజున ఆమె నా చేతిలోంచి జారిపోయి జాగా చుట్టూ రెండు చుట్లు కొట్టి, నా ముందుకొచ్చి ఒక కాలు నేలకి ఆన్చి ఆగింది. పడలేదు. ఆయాసం కూడా రాలేదు.

"గంతేనా అక్కా?" అంది.

గంతేనట! "అంతే," అన్నాను. అన్నం సయించని రోజుల్లో అది మొదటిది.

మర్నాటి నుంచీ ఆమె నా కన్నా నాలుగంగుళాలు పొడుగన్న సంగతి కూడా నాకు నచ్చడం మానేసింది. సీటు పైకి ఎత్తించుకుంది. అడిగే ఎత్తించుకుంది, నేనూ సరేనన్నాను. తర్వాత హ్యాండిల్‌కి అన్నం డబ్బా పెట్టుకునే బుట్ట వచ్చింది. కొత్త బెల్లు వచ్చింది. వెనక క్యారియర్ మీద పాప కూర్చోవడానికి పాత చీర మడిచి కుట్టిన మెత్త వచ్చింది. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ మెట్ల కింద ఆ సైకిల్ని చూస్తే, నా పిల్లకి ఎవరో వేరే గౌను తొడిగి బొట్టు పెట్టినట్టుండేది.

పొద్దున ఆరుంబావుకి కింద తాళం టక్కుమనేది, తర్వాత గేటు, తర్వాత వీధి మలుపులో బెల్లు. నేను పాలు కాస్తూ వినేదాన్ని. రెండున్నర దాటాక మళ్ళీ బెల్లు, ఈసారి పాప నవ్వు కూడా. చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, ముఖమంతా చెమటతో, కళ్ళు మెరుస్తూ వచ్చేది. ఆ ఎండలో అంత దూరం తొక్కి వచ్చిన మనిషి అలసిపోవాలి కదా. పగలంతా ఫ్యాను కింద కూర్చున్న నేను అలసిపోయేదాన్ని.

మా ఆయన అసలు గడుసుమనిషి కాదు. పాపం, మంచి మాటే అన్నారు ఒకరోజు, కాఫీ తాగుతూ.

"ఆ అమ్మాయి ధైర్యం చూశావా? చౌరస్తాలో బస్సుల మధ్యలోంచి దూసుకెళ్తోంది."

"మీరెప్పుడు చూశారు?"

"రోజూ చూస్తాను. ఆఫీసు బస్సు కోసం పొద్దున్నే అక్కడ నిలబడతాను కదా."

రోజూ చూస్తారట. కాఫీ గ్లాసు ఆయన చేతిలో సగం ఉండగానే లాక్కుని కడిగేశాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. ఆయన ఆమెని చూడటం కాదు నా బాధ. ఆయన నన్నెప్పుడూ అలా రోడ్డు మీద చూడలేదు, అదీ బాధ.

దసరాకి ఆమె పైకి వచ్చి పిలిచింది. "అక్కా, సైకిల్‌కు పూజ చేస్తున్నం. నీ సైకిల్ గదా, నువ్వే బొట్టు పెట్టాలె." వెళ్ళాను. తళతళలాడేలా తుడిచి, బంతిపూల దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి ఉంది. తెనాలిలో ఉన్నన్నాళ్ళూ నేను దానికి ఒక్కసారి కూడా పూజ చేయలేదు. మూడు చోట్ల పసుపూ కుంకుమా పెట్టాను. అంతలో పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి ఆమెతో అంది: "మస్తుగున్నది నీ సైకిల్." ఆమె వెంటనే, "నాది గాదు, గీ అక్కది," అంది. అలా అన్నందుకైనా నా కడుపు చల్లబడాలి. పడలేదు. పక్కింటావిడ నా వైపు చూసి, "నువ్వు తొక్కవా మరి?" అంది.

మెట్ల కింద మధ్యాహ్నాలు ఎవరూ ఉండరు. అత్తగారు కునుకు తీసే వేళ, ఆమె పాపకి అన్నం తినిపించే వేళ, నేను చప్పుడు కాకుండా దిగి, రెండో తాళం చెవితో సైకిలు తాళం తీసి, స్టాండు మీదే ఎక్కి కూర్చునేదాన్ని. దొంగతనంగా, నా సైకిలే. కాళ్ళు నేలకి అందేవి కావు. అక్కడ గాల్లో కాళ్ళు ఆడిస్తూ ఒక నిమిషం కూర్చుని, మళ్ళీ తాళం వేసి పైకి వచ్చేసేదాన్ని. ఎన్నిసార్లు అలా చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

ఆ తర్వాత ఒకరోజు పని మీద పంజగుట్ట వెళ్ళి బస్సులో వస్తున్నాను. బస్సు కదలడం లేదు. ముందు బస్సు, వెనక బస్సు, మధ్యలో ఆటోల పొగ. అంతలో కిటికీ కింద నుంచి బెల్లు వినబడింది. నాకు తెలిసిన బెల్లు. ఎడమ పక్కన మనిషి పట్టే సందులోంచి ఆమె వస్తోంది. తొందర లేదు, భయం లేదు. ఒక స్కూటరతన్ని "జర జరుగు అన్నా" అని, అతను జరిగాక ముందుకి పోయింది. నా బస్సు దాటింది, ముందున్న బస్సు కూడా దాటింది.

"గా అక్క రోజు మా బస్సు కంటె ముందుగాలనే పోతది," అన్నాడు కండక్టరు నవ్వుతూ.

బస్సులో నలుగురూ నవ్వారు. ఆ సైకిలు నాదని వాళ్ళకి చెప్పాలనిపించింది. నేర్పింది కూడా నేనేనని, ఉద్యోగం చూపించింది కూడా నేనేనని. చెప్తే వాళ్ళు ఏమడుగుతారో పక్కింటావిడ ముందే అడిగేసింది. నా కళ్ళల్లో ఎవరో కారం కొట్టినట్టుంది. నాకు ఆ సైకిలు అక్కర్లేదు, ఆమె ఉద్యోగం అక్కర్లేదు, ఆమె వెళ్ళిన ఆ సందు కావాలి. అది మాత్రం ఎవరూ తీసి ఇవ్వలేరు.

అయినా అంతవరకూ కుళ్ళు నా లోపలే ఉంది. బయటికి వచ్చింది ఒక శనివారం సాయంత్రం. ఆమె మెరిసే ముఖంతో పైకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"అక్కా, మా ఆఫీసుల ఇంక మందిని తీస్కుంటున్నరు. నువ్వు సుత రారాదు? డిగ్రీ ఉన్నది నీకు. సార్‌తోని నేను మాట్లాడ్త."

నిజానికి అంతకన్నా మంచి మాట ఆ ఏడాదిలో నాతో ఎవరూ అనలేదు. నాకు మాత్రం ఒళ్ళంతా మండిపోయింది. నేను పేపర్లో చూపిస్తే వెళ్ళిన మనిషి, నా సైకిలెక్కి వెళ్ళిన మనిషి, నాకు సిఫారసు చేస్తుందా? నోరు తెరిచాను. ఏం మాట్లాడతానో తెరిచేదాకా నాకూ తెలియదు.

"సైకిలు కావాలి," అన్నాను. "మా పిన్ని కూతురు వస్తోంది. ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. దానికి కావాలట."

ఆమె ముఖంలో మెరుపు పోవడం చూశాను. చూసి, ముందు తృప్తిగానే అనిపించింది. అదీ రాయాలి.

"అట్లనా," అంది. "ఏం కోర్సుకు వస్తున్నది?" అని అడిగింది.

ఇది నేను అనుకోలేదు. ఏదో ఒకటి చెప్పేస్తే పోయేది. వీధి నిండా బోర్డులే.

"ఇంకా... ఏమీ అనుకోలేదు," అన్నాను.

ఆమె లేచి కిందకి వెళ్ళింది. కింద అత్తాకోడళ్ళ మాటలు వినబడ్డాయి. "ఆమెది ఆమె అడుగుతది. మనకు ఇచ్చిందా ఏంది?" అంటోంది అత్తగారు. కాసేపటికి ఆమె తాళం చెవి తెచ్చి, మా గుమ్మం ముందు మెట్టు మీద పెట్టింది. శనివారమని చేతికివ్వలేదు. "నీదే గదక్కా," అని మాత్రం అంది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది, పోట్లాడటానికి నాకో వంక దొరికేది.

ఆదివారం పొద్దున దిగి చూస్తే సైకిలు కడిగి ఉంది. బుట్ట విప్పేసింది, మెత్త విప్పేసింది. చైనుకి నూనె పెట్టింది. సీటు కిందకి దించి ఉంది. సీటు కడ్డీ మీద ఎప్పటిదో నా ఎత్తు తుప్పు గీత ఉండేది, సరిగ్గా ఆ గీత దగ్గరికి దించి బిగించింది.

సోమవారం నుంచి ఆమె పొద్దున్నే నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మూడింటికి నేను బాల్కనీలో బట్టలు తీస్తున్నట్టు నిలబడ్డాను. మూడుంబావుకి వచ్చారు తల్లీ కూతుళ్ళు. పాప ముఖం ఏడ్చి ఎర్రబడి ఉంది, దాని చొక్కా మీద చీమిడి. మంగళవారం ఇంకా ఆలస్యం. బుధవారం కింద అత్తగారి గొంతు పైకి వినబడింది. "పిల్ల గేటు కాడ కూసోని ఏడుస్తుంటె నీకు నౌకరి ఎందుకే? బంజెయ్యి."

నేను ఆ రెండున్నరకి ఖాళీగానే ఉండేదాన్ని. బడికి నడిచి వెళ్తే పావుగంట. నేను తీసుకొస్తానన్న మాట నా నోటి నుంచి రాలేదు. ఆమె అడగలేదు. పిన్ని కూతురు ఎలాగూ రాలేదు. సైకిలు మెట్ల కింద ఎక్కడున్నది అక్కడే ఉంది. అందరూ దాని పక్క నుంచే ఎక్కీ దిగీ తిరుగుతున్నారు, పాలవాడు, పనమ్మాయి, ఆమె. నా అబద్ధాన్ని దాచుకోవడానికి వేరే చోటు లేదు. మా ఆయన ఒక్కరే అడిగారు, "మీ పిన్నికి కూతుళ్ళు లేరు కదే?" అని.

గురువారం రెండుంబావుకి తాళం తీశాను. ఏం ఆలోచించానో సరిగ్గా గుర్తులేదు, ఆ పాప ముఖం మళ్ళీ అలా చూడలేననిపించడం ఒక్కటే గుర్తు. మెయిన్ రోడ్డెక్కకుండా సందుల్లోంచి తొక్కాను. చేతులు చెమట పట్టి హ్యాండిలు జారుతోంది. ఒక ఆటో పక్క నుంచి పోతే దిగాను, మళ్ళీ ఎక్కాను. మూడేళ్ళ తర్వాత తొక్కుతున్నాను. బల్కంపేట బడి దగ్గరికి చేరేసరికి అప్పుడే గంట కొట్టారు.

పాప గేటులోంచి సైకిల్ని చూసింది. నన్ను కాదు. పరిగెత్తుకుంటూ వచ్చి హ్యాండిలు పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"మా అమ్మ ఏది?"

"అమ్మ వస్తుంది. నేను ఇంటికి తీసుకెళ్తాను, ఎక్కు."

"గిది మా అమ్మది. నువ్వెందుకు తెచ్చినవ్ పైనాంటీ?"

పాపని ఎత్తి క్యారియర్ మీద కూర్చోబెట్టాను. పిల్లని ఎక్కించుకుని తొక్కే ధైర్యం లేదు. నడిపించుకుంటూ బయల్దేరాను. "మెత్త లేదు, కుచ్చుకుంటుంది," అని అది దారంతా గొణిగింది.

ఇంటికి చేరి పాపని నాయనమ్మకి అప్పగించి, గుమ్మంలో నిలబడే ఉన్నాను. మూడుంబావు దాటాక ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. ముఖం పాలిపోయి ఉంది. అప్పుడు తట్టింది నాకు, బడి దగ్గర పిల్ల కనబడకపోతే తల్లికి ఎలా ఉంటుందో. ముందు చెప్పాలన్న ఇంగితం కూడా లేకుండా వెళ్ళిపోయాను.

పాపని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, ఆమె నా వైపు తిరిగింది. "పిల్ల లేదంటే పానం పోయినట్టయింది. వాచ్‌మన్ సైకిల్ మీద పోయిందన్నడు. సైకిల్ అనంగనే నువ్వే అనుకున్న."

"తప్పయింది. చెప్పాల్సింది," అన్నాను. "రేపటి నుంచి నువ్వే తీసుకెళ్ళు. సైకిలు."

"మీ చెల్లె?"

"ఏ చెల్లీ లేదు."

"నాకెర్కే," అంది.

"ఎప్పటినుంచి?"

"ఆ రోజే. ఏం కోర్సు అంటె చెప్పకపోతివి. కోర్సు తెల్వకుండ అమీర్‌పేటకు ఎవరొస్తరక్కా?"

ఎర్కయి కూడా తాళం చెవి తెచ్చి ఇచ్చింది. ఎర్కయి కూడా సీటు నా గీతకి దించింది. నాకు ఏడుపొచ్చింది. అందులో సగం సిగ్గు, మిగతా సగం మళ్ళీ అదే కుళ్ళు. ఇంత మంచితనం కూడా ఈవిడకేనా అని.

"నౌకరి ఉందా?" అని అడిగాను.

"ఈ నెల అయినంక రానని సార్‌కు చెప్పిన."

"వెళ్ళి మళ్ళీ చెప్పు. వస్తానని."

"వద్దక్కా. మళ్ళ నీకు కావాలనిపిస్తది."

కొట్టినా అంత తగిలేది కాదు. ఎందుకంటే ఆమె కోపంగా అనలేదు. ఉన్నమాట అంది. నేను పైకి వెళ్ళి, వంటింట్లో మేకు మీది రెండో తాళం చెవి తీసుకుని, మొదటిది కూడా కలిపి, కిందకి దిగాను. అత్తగారు గడపలో కూర్చుని ఉంది.

"పెద్దమ్మగారూ, ఇవాళ ఏ వారం?"

"గురువారం బిడ్డా."

"అయితే ఈసారి తొక్కుకోవడానికి కాదండీ. ఇచ్చేస్తున్నాను." కోడలి చెయ్యి పట్టుకుని రెండు తాళం చెవులూ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాను.

ఆమె పిడికిలి విప్పి చూసింది. "రెండెందుకక్కా? ఒకటి నీకాడ ఉంచుకో. ఎప్పుడన్న అవసరమైతది."

"వద్దు," అన్నాను. "నా దగ్గర ఉంటే మంచిది కాదు."

ఆమె సైకిలు ముందు చక్రాన్ని ఎత్తి గడప దాటించింది. వెనకది అత్తగారు మోకాళ్ళ నొప్పులతోనే లేచి పట్టింది. అప్పటినుంచీ అది వాళ్ళ ముందు గదిలోనే ఉండేది. మెట్ల కింద ఖాళీ అయింది.

మర్నాడు ఆరుంబావుకి నేను పాలు కాస్తున్నాను. వీధి మలుపులో బెల్లు మోగింది. కడుపులో మంట ఎప్పటిలాగే రేగింది. పాలగిన్నె దించకుండానే చెయ్యి దానంతటదే క్యాలెండరు మేకు దగ్గరికి వెళ్ళింది. మేకు ఖాళీగా ఉంది. పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేశాను.